ఖాళీలో రాసిన స్వరాలు

మా అమ్మ స్వరాలు రాసుకున్నది నాన్న పత్తి లెక్కల చిట్టాలో. చిలకలూరిపేటలోని మా ఇంట్లో ఆమె పాటకి వేరే పుస్తకం కొనడం దండగ. ఒకవైపు బస్తాలు, తూకాలు. వెనకవైపు మోహనలో కల్పనస్వరాలు. మిరపకాయలు ఎండబోసి, వంటిల్లు సర్దాక, మధ్యాహ్నం దొరికే ఆ కాసేపట్లో రాసేది.

"నువ్వు కట్టినవేనా అమ్మా?" అంటే, "నేనెక్కడే! మేష్టారు చెప్పినవే, మర్చిపోకుండా రాసుకున్నా" అనేది. నమ్మాను. నా మొదటి కచేరీలో అవే పాడాను. ముక్తాయింపు సరిగ్గా పల్లవి ఎత్తుగడ మీదకొచ్చి ఆగగానే చప్పట్లు కొట్టారు. ఎవరు నేర్పారని అడిగితే మేష్టారి పేరు చెప్పాను. అమ్మ ముందు వరసలోనే ఉంది. ఏమీ అనలేదు.

చాలా ఏళ్లకి క్లారా షూమన్ గురించి చదువుతుంటే ఆ సాయంత్రం గుర్తొచ్చింది. పియానో కన్చెర్టోలో ఒకచోట వాద్యబృందమంతా ఆగిపోతుంది. పియానో ఒక్కటే మిగులుతుంది. అక్కడ వాయించేదే కడెంజా. మన కల్పనస్వరంలాగే, రచనలోని సంగతుల్నే పట్టుకుని కళాకారులు తమ ఊహతో అల్లుకునేది. మోజార్ట్ 1785లో రాసిన డి మైనర్ కన్చెర్టోకి ఆయన సొంత కడెంజా దొరకలేదు. ఆ ఖాళీలోకి బీథోవెన్ రాశాడు, బ్రామ్స్ రాశాడు, క్లారా రాసింది. 1891లో, డెబ్భై దాటాక, అచ్చుకిచ్చే సమయంలో తన కడెంజాలో బ్రామ్స్‌వి కొన్ని కలిశాయని గమనించింది. మీ పేరు కూడా వెయ్యాలా అని ఉత్తరం రాసింది. అలాగైతే నా మంచి బాణీలకి నీ పేరు వెయ్యాల్సొస్తుందని ఆయన జవాబిచ్చాడు.

చదవగానే ముచ్చటేసింది. తర్వాత గుచ్చుకుంది. ఆమె అప్పు ఆమెని నిద్రపోనివ్వలేదు. ఆయన అప్పు ఉత్తరంలో చమత్కారంగా మిగిలిపోయింది. అయినా కడెంజా క్లారా పేరుతోనే అచ్చయింది. ఆమెకి అడగడానికి ఒక మనిషైనా ఉన్నాడు.

ఆ రాత్రి అమ్మ చిట్టా తీశాను. కచేరీలో నేను పాడిన ముక్తాయింపు ఆ పేజీలో మూడుసార్లు కొట్టేసి ఉంది. ఒకసారి రెండక్షరాలు ఎక్కువొచ్చాయి. ఇంకోసారి ఒకటి తగ్గింది. నాలుగోసారికి కుదిరింది. గుర్తున్నది రాసుకునేవాళ్లు ఇన్నిసార్లు కొట్టెయ్యరు. మేష్టారు రాగం చెప్పారు. ఈ లెక్క మాత్రం అమ్మ వేసుకుంది.

చెబుదామంటే అమ్మ లేదు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకునే పిల్లల చేత ఆ స్వరాలు రాయిస్తున్నాను, పైన అమ్మ పేరుతో. కొట్టేసిన వరసలతో సహా.