దేహద్రవముల సాక్ష్యము

ఒక యింటివారు నేడేమి వండుకొనిరో తెలియగోరువాడు వంటయింట జొరబడ నక్కఱలేదు. పెరటి తూమున బాఱు నీటిని జూచినను గొంత బోధపడును. బియ్యపు కడుగునీళ్లు వేఱు, చింతపండు పిప్పి వేఱు, పసుపు చేతులు కడిగిన నీరు వేఱు. మన దేహమును నట్టి గృహమే. దానియందు రేయింబవళ్లు పొయ్యి యాఱదు. అందు ఉడుకునదియు, మాడునదియు, మిగులునదియు రక్తమునను, మూత్రమునను, ఉమ్మియందును గొంత కొంత కలసి వచ్చుచుండును. ఆ జాడలను లెక్కించి రాచపుండును గుర్తింపవచ్చునా యను ప్రశ్న నేడెందఱో శాస్త్రజ్ఞుల ముందున్నది. అది మన యిండ్లలోనికిని వచ్చినది గావున దానినిగూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ యూహ క్రొత్తది కాదు. మూత్రమునకు చీమలు పట్టుట మధుమేహమునకు గుఱుతని మన ప్రాచీనవైద్యు లెఱుగుదురు. అష్టస్థానపరీక్షలో నాడి తరువాత చెప్పబడినది మూత్రమే. ఇంక రాచపుండు మాట. 1845వ సంవత్సరమున లండనులో, ఎముకల నొప్పిచే కృశించుచున్న యొక వర్తకుని మూత్రమును వైద్యులు హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్యరసాయనవేత్తకు బంపిరి. అందొక వింత మాంసకృత్తు గానవచ్చెను. కాచినప్పు డది కరగుచు, చల్లారినప్పుడు మరల గడ్డకట్టుచుండెను. ఎముకమూలుగునకు బుట్టు రాచపుండునకు అది గుఱుతు. నేటికిని ఆ వ్యాధిని శంకించిన వైద్యులు దానిని వెదకుచునే యున్నారు.

ఈ విద్యలో మనవారికిని భాగము గలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్క్ గారితో గూడి, దేహద్రవములందలి భాస్వరమును రంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. అప్పుడొక్క ద్రవ్యమును గొలుచుటయే గొప్ప. 1971లో లైనస్ పాలింగ్ మనుష్యుని యూర్పునందు సుమారు 250, మూత్రపు టావిరియందు సుమారు 280 ద్రవ్యముల జాడలను వేఱుపఱచి చూపెను. నేడు అణువుల బరువును దూచు మాస్ స్పెక్ట్రోమీటరును, అయస్కాంతబలముచే వాని స్వరూపమును బట్టియిచ్చు యంత్రమును ఒక్క చిన్న నమూనాలో వందలకొలది ద్రవ్యముల పట్టికను వ్రాసి యీయగలవు.

రాచపుండు కణములు దేహపు వంటను మార్చివేయునని 1920 ప్రాంతములనుండియు దెలిసినదే. ప్రాణవాయువు సమృద్ధిగ నున్నను అవి చక్కెరను పులియబెట్టినట్లు లాక్టికామ్లముగ మార్చునని ఆటో వార్‌బుర్గ్ కనుగొనెను. 2009లో మఱొక విశేషము బయటపడినది. కొన్ని మెదడు గడ్డలలో ఒక జన్యువు చెడి, సాధారణముగ లేశమాత్రముండు హైడ్రాక్సీగ్లూటరేటను ద్రవ్యమును రాశులుగ బోయును. కొన్ని రక్తక్యాన్సరులలో నదియే రక్తమునకెక్కును. ఇట్లు కారణమును కార్యమును గొలుసువలె గలసినచోట ద్రవముల సాక్ష్యము బలమైనది.

అన్నిచోట్ల నట్లు లేదు. అదే 2009లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయమువారు 262 నమూనాలలో 1,126 ద్రవ్యములను పరిశీలించి, పురుషుల ప్రోస్టేటు గ్రంథి రాచపుండు ముదిరినకొలది సార్కొసీన్ అను ద్రవ్యము పెరుగుచున్నదనిరి. మూత్రపరీక్షతోనే పని తీరునని పలువు రాశించిరి. మరుసటి సంవత్సరమే జర్మనీలో జేసిన పరిశోధనయం దా మూత్రపరీక్ష రోగిని ఆరోగ్యవంతునినుండి వేఱుపఱుపజాలకపోయెను. తిన్న తిండి, త్రాగిన కాఫీ, వేసికొన్న మందు, నమూనా తీసిన వేళ, దానిని నిలువయుంచిన తీరు, ఇవి యన్నియు పట్టికను మార్చునవే.

సాక్ష్యము సత్యమైనను తీర్పు తప్పవచ్చును. దీనికి జపానుదేశపు కథకంటె మంచి యుదాహరణము లేదు. పసిబిడ్డలకు నాడీకణములనుండి పుట్టు న్యూరోబ్లాస్టోమా యను గడ్డ, అడ్రినలిన్ జాతి ద్రవ్యముల శేషములను మూత్రమున విడుచును. కావున 1985లో ఆరునెలల బిడ్డల కందఱకును దేశమంతట పరీక్ష నేర్పాటు చేసిరి. తల్లులు కాగితమును బిడ్డ మూత్రమున దడిపి టపాలో బంపుచుండిరి. ఎందఱో బిడ్డలయందు గడ్డలు బయటపడెను. వారిలో దాదాపందఱును బ్రతికిరి. ఇంతకంటె విజయమేమని యెవ్వరైన నందురు. కాని పెద్దపిల్లలయందు ముదిరిన గడ్డలు తగ్గలేదు. పరీక్షలో దొరకినవానిలో బెక్కు తమంతట దామే కరగిపోవు జాతివి. ప్రాణము దీయునవి తరువాత బుట్టు వేఱుజాతివి. క్యుబెక్‌లో సుమారు 4 లక్షల 76 వేల బిడ్డలను, జర్మనీలో సుమారు 15 లక్షల బిడ్డలను పరీక్షించి, మరణములు తగ్గలేదని 2002లో ప్రకటించిరి. 2003లో జపాను ప్రభుత్వమా పద్ధతిని నిలిపివేసెను. కరగిపోవు గడ్డకై కత్తిని, ఘాటైన మందులను భరించిన పసివారి మాట తలచిన మనసు కలుక్కుమనును. కాని రోగలక్షణములున్న బిడ్డకు ఆ మూత్రపరీక్షయే నేటికిని వైద్యునకు మంచి తోడు.

చదువరులు మాతోగూడ నొక చిన్న లెక్క చేయుదురుగాక. పదివేలమందిలో పదుగురికి రోగమున్నదనుకొందము. పరీక్ష పదుగురిలో తొమ్మండుగురిని బట్టుకొనును. ఆరోగ్యవంతులలో నూటికైదుగురిని మాత్రము పొరపాటున రోగులనును. చూచుటకు మంచి పరీక్షయే. కాని పట్టుబడినవారు సుమారు 509 మంది. వారిలో నిజమైన రోగులు తొమ్మండుగురు. తక్కిన ఐదువందలమందియు నిద్రలేని రాత్రులు గడుపవలసినవారే.

మాతోడి యుపాధ్యాయు డొకడు ఇటీవల నొక ప్రకటనకాగితము దెచ్చెను. చెంచాడు రక్తముతో పలువిధముల క్యాన్సరులు బయటపడునని యందున్నది. తల్లికి జేయింపవలెనా యని యతని ప్రశ్న. ఆమెకేమైన బాధ యున్నదా యని యడిగితిమి. "అంగిట్లో పుండు మూడు నెలలనుంచి మానలేదట, మాస్టారూ. అడ్డపొగ అలవాటు. సిగ్గుపడి కోడలితో మాత్రం చెప్పింది" అనెను. చుట్ట నిప్పును నోటిలోపల నుంచుకొను ఆ యలవాటు మన యుత్తరకోస్తా స్త్రీలకు దెచ్చిన కీడు వైద్యులెఱిగినదే. కాగితమును మడిచిపెట్టి, ముందామె నోరు వైద్యునికి జూపుమంటిమి. పుండునుండి చిన్న తునుక తీసి సూక్ష్మదర్శినితో జూచినగాని నిశ్చయము దేలలేదు. అది రాచపుండే. శస్త్రచికిత్స జరిగినది. ఆమె నేడు మెత్తని యన్నమే తినుచున్నది. కాని మనుమలకు కథలు చెప్పుచున్నది.

ఆ యింట లోపించినది యంత్రము కాదు, మాట. మన స్త్రీలు రొమ్ముగడ్డను, అకాల రక్తస్రావమును, నోటిపుండును దాచుకొనుట మర్యాద యని యెవరు నేర్పిరో గాని, ఆ మర్యాద ప్రాణములు దీయుచున్నది. మహారాష్ట్రమున, నేడు ధారాశివమనబడు ఉస్మానాబాదు జిల్లాలో, పల్లెటి స్త్రీలకు గర్భాశయముఖమునందలి వైరసుకై యొక్కసారి పరీక్ష చేసినంతనే ఆ రాచపుండు మరణములు సుమారు సగమునకు దగ్గెనని 2009లో తేలినది. ఋజువైన పరీక్షలు మన వాకిట నుండగా వానికి బోవుటకు సిగ్గుపడి, ఋజువుకాని వానికి సొమ్ము వెచ్చించుట వివేకము గాదు.

దేహద్రవముల శాస్త్రము పెరుగవలెను. పెరుగునని మా నమ్మకము. అంతవఱకు మూత్రబిందువును సాక్షిగ బిలువుడు, న్యాయాధిపతిగ గూర్చుండబెట్టకుడు. నేటి రాత్రి భోజనములైన పిమ్మట ఇంటిలోని పెద్దామెను ప్రక్కకు బిలిచి, "ఎక్కడైన మానని పుండున్నదా?" యని మెల్లగ నడుగుడు. ఆ పరీక్షకు ఖర్చులేదు.