ఒక అంచే అరిగిన గేర్

మెకానికల్ బ్రాంచిలో చేరిన మన పిల్లలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాం. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్లో నలుగురం కలిసి రిమోట్‌తో నడిచే పాత ట్రక్కు ఒకటి ప్రాజెక్టుగా తీసుకున్నాం. బొమ్మ అనుకోకండి, నైట్రో ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్ ఉంది దానికి. ఇంజిన్ చివర క్లచ్ బెల్ అని చిన్న లోహపు గేర్, దానికి కలిసేది స్పర్ గేర్ అని పెద్ద ప్లాస్టిక్ గేర్. ఈ ప్లాస్టిక్ పళ్లే ఊడిపోతున్నాయి. ఒకటి మా చేతికి రాకముందే పోయింది, ఇంకోటి మా దగ్గర పోయింది. మూడోది నలుగురం డబ్బులేసుకుని తెప్పించాం. అదీ పోతే ప్రాజెక్టు వదిలేయడమే. "ఇంజినే మార్చాలి, మీవల్ల కాదులే" అన్నవాళ్లూ ఉన్నారు. ఇంజిన్ రేటు విన్నాక మాకు నోట మాట రాలేదు.

అందుకే మూడోది బిగించే ముందు, పాడైన రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పళ్ల సైజు సరిపోయింది. మాడ్యూల్ 1 గేరుకి 32 పిచ్ గేరు కలవదు కాబట్టి అది ముందు చూడాలి. గేర్లు మరీ దగ్గరైతే పళ్లు వేడెక్కుతాయి, బేరింగ్ మీద బరువు పడుతుంది. మరీ దూరమైతే పళ్ల కొసలే తగిలి, జారి విరుగుతాయి. ఏదైనా సరే, పన్ను వెడల్పంతా దెబ్బ కనిపించాలి. మా వాటిలో ఒక అంచే అరిగింది, రెండో అంచు కొత్తదానిలా ఉంది. అంటే ఇంజిన్ వంకరగా కూర్చుందన్నమాట. తిరగలి పై రాయి ఒక పక్కకి ఒరిగితే పిండి సమంగా పడుతుందా? ఇదీ అంతే.

ఇంజిన్ విప్పితే మౌంట్ కింద ఒక మూల మట్టి, నూనె కలిసి రాయిలా గట్టిపడి ఉంది. గీకి, తుడిచి, క్లచ్ బెల్‌ని వేళ్లతో కదిపి చూశాం. ఊగలేదు, బేరింగ్ బాగుంది.

తర్వాత నోట్‌బుక్ కాగితం సన్నగా చింపి రెండు గేర్ల మధ్య పెట్టి, ఇంజిన్‌ని స్పర్ వైపు నొక్కి పట్టుకుని 4 స్క్రూలు బిగించాం. గేర్ తిప్పితే కాగితం మడతలు పడి బయటికి రావాలి, చిరగకూడదు. కాగితం తీశాక ఒక గేర్ పట్టుకుని రెండోది కదిపితే కొద్దిగా ఆట ఉండాలి. ప్లాస్టిక్ గేర్ అచ్చంగా గుండ్రంగా ఉండదు, అందుకని తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, బిగుతుగా ఉన్న చోటే ఖాళీ సరిచేశాం. చివర్లో స్క్రూల నూనె తుడిచి, ఒక్కొక్కటే తీసి థ్రెడ్‌లాక్ రాసి బిగించాం. ఇదంతా ఇంజిన్ ఆపి, చల్లారాకే చెయ్యాలి.

ఒక ట్యాంకు నడిపాక విప్పి చూశాం. ఈసారి గీత పన్ను వెడల్పంతా సమానంగా పడింది. అదురుకి స్క్రూలు వదులవుతాయని ఇప్పుడు నడిపిన ప్రతిసారీ చూస్తున్నాం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, విరిగిన పార్టు పారెయ్యకండి. ఎవరు ఏమన్నా ముందు దాన్ని వెలుగులో పెట్టి చూడండి. మా పాత గేర్లు రెండూ హాస్టల్లోనే దాచాం, వస్తే చేతికిచ్చి చూపిస్తాం.