గోళీకి జ్ఞాపకం వుండదు

మరుపు దేవుడిచ్చిన వరమని పెద్దలు అంటూ వుంటారు. అలా అన్నవారిలో ఎవరి ఇంటికీ ఆ వరం పూర్తిగా వచ్చి వుండదని నా అనుమానం. మా ఇంటికి వచ్చింది. 2022లో, మావారికి యాభై అయిదో ఏడు నడుస్తుండగా, డాక్టరుగారు ఆయనకున్నది అల్జీమర్స్ అని తేల్చారు. "అంత చిన్న వయసులోనా?" అని అడగని వారు లేరు. ఆ జబ్బుకు తన పేరిచ్చిన జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1901లో చూసిన మొదటి రోగి వయసు 51. మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి మతి తప్పే జబ్బులున్నాయని 2023లో వెలువడిన ఒక అంచనా. మావారు ఇంకా అరవై దాటలేదు కాబట్టి ఆ లెక్కలోకి కూడా రారు.

అయితే మా బంధువులకు నా మీద వున్న ఫిర్యాదు ఈ జబ్బు గురించి కాదు. ఏడాదికి ఒకసారి ఆయన్ని గోవా తీసుకువెళ్ళి కాసినోలో కూర్చోబెడతానని! ఈ మాట విన్నవారు ముందు ముక్కున వేలేసుకుంటారు. తరవాత రెండు ప్రశ్నలు వేస్తారు. "సంసారపక్షంగా బతికేవాళ్ళం, మనకు జూదమేమిటమ్మా?" అన్నది మొదటిది. "అయినా ఆయనకు గుర్తుంటుందా? రేపటికి మరిచిపోయేదానికి ఇవాళ ఇంత ఖర్చా?" అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు నవ్వుతూ జవాబు చెప్పగలను. రెండోది మాత్రం చాలా రాత్రులు నాకు నిద్ర లేకుండా చేసింది.

జూదం చెడ్డదని తెలుగు లెక్చరరుకు ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. ధర్మరాజు గతి ఏమయిందో, నలుడు అడవిలో ఎందుకు తిరిగాడో ఏటా క్లాసులో చెబుతూనే వుంటాను. కన్యాశుల్కంలో పేకాట ఘట్టం వచ్చిన రోజున వెనక బెంచీల వాళ్ళు కూడా మేలుకుని వుంటారు. ఇంటికి వచ్చాక ఆ ఆట నిజంగానే జరిగేది. మావారు బ్యాంకులో హెడ్ క్యాషియరు. ఆదివారం సాయంత్రం నలుగురు స్నేహితులు చేరితే చింతపిక్కలు పందెంగా రమ్మీ వేసేవారు. నేను టీలు అందించి, ఎవరి చేతిలో ఏముందో కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా తిరిగేదాన్ని.

జబ్బు మొదలయ్యాక ఆ ఆట సాగలేదు. జోకరు ఏదని మాటిమాటికీ అడిగేవారు. తాను పారేసిన ముక్కనే మళ్ళీ వెతికేవారు. స్నేహితులు మంచివాళ్ళు, విసుక్కోలేదు. కాని ఒక ఆదివారం ఒకరికి పనిపడింది, మరో ఆదివారం ఇంకొకరికి ఒంట్లో బాగాలేదు. మూడు నెలలయ్యేసరికి పేకముక్కలు బీరువా ఎక్కాయి.

ఇక్కడ చట్టం గురించి ఒక ముచ్చట చెప్పాలి. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పోలీసులు పెట్టిన కేసులో, 1967 నవంబరులో సుప్రీంకోర్టు, రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదని తీర్పు చెప్పింది. ఎందుకంటే పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలి, ఏది వుంచాలో ఏది వదలాలో తెలియాలి అన్నది. ఆ తీర్పు చదివితే నాకు నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. జ్ఞాపకం కావాలి గనక అది మర్యాదస్తుల ఆట అయింది. సరిగ్గా అందుకే మావారికి కాకుండా పోయింది! జ్ఞాపకం అక్కరలేని ఆటలున్నాయి గాని, వాటిని మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆడితే 1974 నాటి చట్టం ఒప్పుకోదు. గోవాలో 1976 నాటి చట్టాన్ని తరవాత సవరించి నదిలో వుండే నౌకల మీద ఆడడానికి అనుమతిచ్చారు. అంచేత మేము గుంటూరులో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాము.

మొదటిసారి కావాలని వెళ్ళలేదు. 2023లో దగ్గరివాళ్ళ పెళ్ళికి గోవా వెళితే, పెళ్ళివారంతా పణజిలో మాండవి నది మీదున్న కాసినోకు బయలుదేరారు. ఆయన్ని హోటలు గదిలో ఒక్కరినీ వదిలేదెలా అని నేనూ ఆయనతో కలిసి పడవెక్కాను. లోపల రౌలెట్ బల్ల దగ్గర ఆయన ఆగిపోయారు. చక్రం ఒకవైపు తిరుగుతోంది. తెల్లని గోళీ రెండోవైపు పరుగెత్తుతోంది. వేగం తగ్గి, గళ్ళమీద ఎగిరెగిరి, చివరికి ఒక గడిలో పడింది. మావారు గట్టిగా నవ్వారు. ఆ నవ్వు విని నాకు అప్పటికి ఏడాది దాటింది.

ఆ ఆటలో గుర్తుపెట్టుకోవలసింది ఏమీ లేదు. ఐరోపా పద్ధతి చక్రానికి 37 గళ్ళు, అమెరికా పద్ధతి దానికి ఒకటి ఎక్కువ. ఎర్రవి 18, నల్లవి 18, మిగిలినవి సున్నాలు. మన అంకె పడితే పెట్టినదానికి 35 రెట్లు ఇస్తారు. 37 గళ్ళున్నప్పుడు 35 రెట్లే ఇస్తే ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో లెక్కల మాస్టారు అక్కరలేకుండానే తెలుస్తుంది. ఎక్కువసేపు ఆడినకొద్దీ ఆడేవాడు పోగొట్టుకోక తప్పదు. కాని పక్కవాడి కన్నా మావారు ఎక్కువ పోగొట్టుకోవలసిన పని లేదు. కిందటి ఆటలో ఏం పడిందో తెలిసినవాడికీ తెలియనివాడికీ అక్కడ ఒకటే న్యాయం.

నిజానికి తెలిసినవాడికే ప్రమాదం. 1913 ఆగస్టు 18న మాంటికార్లోలో గోళీ వరసగా 26 సార్లు నలుపులోనే పడిందట. ఇన్నిసార్లు నలుపు పడింది గనక ఇక ఎరుపు పడక తప్పదని జనం ఎగబడి ఎరుపు మీద పెట్టి గుల్లయిపోయారు. వాళ్ళకు జ్ఞాపకం వుంది, గోళీకి లేదు. ఆ రాత్రి మావారు అక్కడ వుంటే తనకు నచ్చిన గడిలో ఒక బిళ్ళ పెట్టి హాయిగా నవ్వుకునేవారు.

అప్పటినుంచి మేము మరి రెండుసార్లు వెళ్ళాము. వెళ్ళేది పగటిపూట, వారం మధ్యలో. సాయంత్రం అవుతున్నకొద్దీ ఈ జబ్బువారికి గాభరా ఎక్కువవుతుంది. శనివారం రాత్రి ఆ రద్దీలో ఆరోగ్యవంతులకే దారి తోచదు. ముదురురంగు తివాచీ ఆయనకు గొయ్యిలా కనిపిస్తుంది, అక్కడ చెయ్యి పట్టుకుంటాను. మగవాళ్ళ మరుగుదొడ్డి దగ్గర మాత్రం నాకు ఏటా పరీక్షే. ఎవరో ఒక పెద్దమనిషిని బతిమాలి, కాస్త కనిపెట్టి వుండమని లోపలికి పంపుతాను. ఆయన చొక్కా జేబులో పేరూ, నా ఫోను నంబరూ రాసిన చీటీ వుంటుంది. డబ్బు ఒక కవరులో, ముందే లెక్కపెట్టింది. అది అయిపోతే ఆట అయిపోయినట్టే. బ్యాంకు కార్డు నా దగ్గర కూడా వుండదు, హోటలు పెట్టెలో తాళం వేసి వస్తాను. ఇంకొక మాట. మతి తప్పే జబ్బుల్లో కొన్ని మనిషి నిగ్రహాన్నే తినేస్తాయి. పార్కిన్సన్స్‌కు వాడే కొన్ని మందులు జూదం మీద యావ పుట్టిస్తాయి. అలాంటివారిని అటువైపు తీసుకుపోకూడదు. నేను మా డాక్టరుగారిని అడిగి, సరేనన్నాకే రెండోసారి టిక్కెట్లు కొన్నాను.

రెండోసారి జరిగినది చెబుతాను. రంగు బిళ్ళలు చేతికి రాగానే మావారు వాటిని పదేసి చొప్పున దొంతులు పెట్టడం మొదలెట్టారు. ఇంట్లో చొక్కా గుండీలు పెట్టుకోలేని వేళ్ళు అక్కడ చకచకా ఆడాయి. బల్ల దగ్గరి కుర్రాడు చూసి, "బ్యాంకులో చేశారా సార్?" అని హిందీలో అడిగాడు. మావారు తడుముకోకుండా, "హెడ్ క్యాషియర్" అన్నారు.

కాసేపటికి ఆయన అంకె పడింది. వంద రూపాయల బిళ్ళకు మూడువేల అయిదువందలు! ఆయన ఆ బిళ్ళలన్నీ రెండు చేతులా నావైపు జరిపి, "అమ్మా, మీరు నమ్మకస్తుల్లా వున్నారు. మా ఆవిడ కాలేజీ నుంచి వచ్చేదాకా ఇవి మీ దగ్గర వుంచండి" అన్నారు. నేను సరేనన్నాను. "రసీదు ఇస్తారా?" అన్నారు. హెడ్ క్యాషియరు గదా! టిక్కెట్టు వెనక మొత్తం వేసి సంతకం చేసి ఇచ్చాను. ఆయన కళ్ళజోడు పైకి జరుపుకుని దాన్ని చాలాసేపు చూశారు. "సంతకం సరిపోయింది" అని జేబులో పెట్టుకున్నారు.

ఎవరి సంతకంతో సరిపోయిందో నేను అడగలేదు. ఆ రోజంతా కలిపి చూస్తే మాకు తొమ్మిదివందలు పోయాయి. ఆ రాత్రి ఆయన పేచీ లేకుండా అన్నం తిన్నారు. ఏడు గంటలు నిద్రపోయారు. తెల్లవారి నదిని చూపిస్తే ఏ ఊరని అడిగారు, కాని ఈలవేస్తూ అడిగారు.

ఇదే ఆ రెండో ప్రశ్నకు నా జవాబు. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంవారు 17 మంది అల్జీమర్స్ రోగులకు కొన్ని ఏడిపించే సినిమా ముక్కలూ, కొన్ని నవ్వించేవీ చూపించారు. కాసేపటికి వాళ్ళు చూసినదానిలో చాలా భాగం మరిచిపోయారు. కాని దుఃఖం దుఃఖంగానే, సంతోషం సంతోషంగానే ఇంకా వాళ్ళలో మిగిలి వున్నది. సంగతి తక్కువ గుర్తున్నవారిలోనే దుఃఖం ఎక్కువసేపు నిలిచిందట. మనం విసుక్కుంటే మాట పోతుంది, ఆ చేదు వుంటుంది. మనం నవ్విస్తే కారణం పోతుంది, నవ్వు కొంతసేపు వుంటుంది. ఆ కొంతసేపటికోసం ఖర్చు పెట్టడం దండగని నేను అనుకోను. ఆరోగ్యవంతులం మనం కిందటి ఏడు తిన్న ఆవకాయ రుచి నెమరు వేసుకుంటూ ఈ ఏడు కొత్త జాడీ పెట్టడం మానుకున్నామా?

ఎంతకాలం వెళతామన్నది వేరే సంగతి. బెంగుళూరులో వున్న మా అమ్మాయి, "నాన్న నిన్ను పూర్తిగా మరిచిపోయినా తీసుకెళతావా?" అని ఫోనులో అడిగి, జవాబు వినకముందే ఏడ్చింది. నన్ను మరిచిపోయారా లేదా అన్నది నా కొలత కాదని చెప్పాను. చక్రం తిరుగుతున్నప్పుడు ఆయన మొహం చూస్తాను. గోళీ ఆగేలోగా అక్కడ వెలుగు లేకపోతే, చప్పుడుకు బెదిరితే, ఆ రోజే తిరుగు పడవ ఎక్కేస్తాను. మళ్ళీ ఆ పేరెత్తను.

అందరినీ గోవా వెళ్ళమని నా సలహా కాదు. మేమూ ఏడాదిలో మిగిలిన రోజులన్నీ ఇంట్లోనే వుంటాము. వైకుంఠపాళి పటం కొన్నాను. దానికీ జ్ఞాపకం అక్కరలేదు. గవ్వలు పడినన్ని గళ్ళు జరగడం, నిచ్చెన వస్తే ఎక్కడం, పాము మింగితే దిగడం. పాము నన్ను మింగితే మావారు చప్పట్లు కొడతారు. ఆయన్ని మింగితే పాము మీద కోర్టుకు పోతామంటారు. కిందటి నెల ఒక పాత రమ్మీ స్నేహితుడు పలకరించడానికి వచ్చి, మొహమాటంగా నిలబడి, పటం చూసి కూర్చున్నారు. వరసగా మూడు ఆటలు ఓడిపోయారు. వెళుతూ, "వచ్చే ఆదివారం మిగతావాళ్ళని కూడా తీసుకొస్తానమ్మా, చింతపిక్కలు వున్నాయా?" అని అడిగారు.

వున్నాయని చెప్పాను.