తెరచిన లెక్కలు

ప్రభుత్వం వద్దనున్న లెక్కలు ప్రజల సొమ్ముతో, ప్రజలను అడిగి సేకరించినవి. కనుక అవి ప్రజలకు అందుబాటులో ఉండాలన్న భావన ఈ శతాబ్దంలో బలపడింది. అయితే ఈ దారిలో ఏ దేశం ఎంత దూరం నడిచిందో కొలిచే విధమేమి? ఈ ప్రశ్న మాకు మొదట ఎదురైనది గ్రంథాలలో కాదు, మా తరగతి గదిలో.

కొన్నేళ్ళ క్రితం మా విద్యార్థులు కళాశాల చుట్టుప్రక్కల పేటలలో ఆడపిల్లల చదువును గూర్చి ఒక వ్యాసం తలపెట్టారు. ఒక కార్యాలయం వారు తమ పట్టికలను ఇంటర్నెట్‌లో ప్రకటించి ఉన్నారని తెలిసి సంతోషించాము. తెరచి చూడగా అవి కాగితాలకు తీసిన ఛాయాచిత్రాలు! మూడు సాయంత్రాలు కూర్చుండి అంకెలన్నీ చేతితో ఎత్తి వ్రాసుకొన్నాము. కూడి చూస్తే మొత్తాలు కుదరలేదు. తప్పు మాదో, పట్టికదో తేలలేదు. పైగా బడిలో చేరినవారికి గడి ఉన్నది గాని, మధ్యలో మానినవారికి లేదు. మాకు కావలసినది అదే. వ్యాసం అసంపూర్ణంగా మిగిలిపోయింది.

ప్రకటించారా అని అడిగితే ప్రకటించారనే చెప్పాలి. ఉపయోగపడిందా అంటే మాత్రం మౌనమే సమాధానం. దేశాల ప్రగతిని కొలిచేవారు కూడ ఈ భేదం మీదనే దృష్టి నిలిపారు. వరల్డ్ వైడ్ వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్ లీ 2010లో ఐదు నక్షత్రాల మెట్లను సూచించాడు. స్వేచ్ఛగా వాడుకొనే అనుమతితో ఏ రూపంలో పెట్టినా ఒక నక్షత్రం. యంత్రం చదువగల పట్టికకు రెండు. ఏ ఒక్క కంపెనీ సాఫ్ట్‌వేరుకూ కట్టుబడని రూపానికి మూడు. ఒక్కొక్క అంశానికి వెబ్ చిరునామా ఇస్తే నాలుగు. ఇతరుల సమాచారంతో ముడివేస్తే ఐదు. మాకు దొరికిన పట్టికపై అనుమతి మాట కూడ లేదు గనుక దానికి మొదటి నక్షత్రమైనా దక్కదు.

2017లో వరల్డ్ వైడ్ వెబ్ ఫౌండేషన్ 115 ప్రభుత్వాలను పరిశీలించింది. సంసిద్ధత, ఆచరణ, ప్రభావం అను మూడింటిని తూచి, పరిశీలించిన సమాచార పట్టికలలో పూర్తిగా తెరచి ఉన్నవి 7 శాతమేనని తేల్చింది. ఆర్థిక సహకార అభివృద్ధి సంస్థ సూచిక సమాచార లభ్యతతోపాటు, అది చేతికందే తీరును, పునర్వినియోగానికి ప్రభుత్వమిచ్చే ప్రోత్సాహాన్ని లెక్కిస్తుంది. అందులో దక్షిణ కొరియా 2017, 2019, 2023లలో ప్రథమ స్థానం పొందింది. ఐరోపాలో 2015 నుండి దేశాలను బేరీజు వేస్తున్నారు; ఇప్పుడు విధానం, పోర్టల్, నాణ్యత, ప్రభావం అను నాలుగు దృష్టులతో చూస్తున్నారు. అక్కడ ప్రశ్నావళిని ప్రభుత్వాలే పూరిస్తాయి. పరిశోధక బృందం సరిచూస్తుంది. వీటన్నింటిలో ప్రభావాన్ని కొలవడమే కష్టమని మా అభిప్రాయం. ప్రకటించిన పట్టికలను కార్యాలయంలోనే కూర్చుండి లెక్కపెట్టవచ్చు. వాటిని ఎవరు చదివి ఏ మేలు పొందారో తెలియాలంటే గడప దాటి రావాలి.

మనవంటి విద్యాసంస్థకు ఇది పరాయి విషయం కాదు. ముస్లిముల స్థితిగతులపై 2006లో నివేదిక సమర్పించిన సచార్ కమిటీ జనగణన, జాతీయ నమూనా సర్వేల అంకెల ఆధారంగానే మాట్లాడింది. వివిధ మత సముదాయాల సమాచారాన్ని ఒకచోట ఉంచే జాతీయ సమాచార నిధిని నెలకొల్పాలని కూడ సిఫారసు చేసింది. భారత ప్రభుత్వం 2012లో సమాచార పంపిణీకి ఒక జాతీయ విధానాన్ని ప్రకటించి, ఒక పోర్టల్‌ను కూడ తెరచింది. లెక్క లేనిచోట ఊహ పెత్తనం చేస్తుంది. ఆ పెత్తనం బలహీనుల మీదనే అధికంగా సాగుతుంది.

విద్యార్థి మిత్రులారా! మన పెద్దలు ఇంటి హిసాబు పుస్తకాన్ని వారానికొకసారైనా తెరచి చూచేవారు. దేశపు హిసాబును కూడ అట్లే చూడండి. అంకె పొసగకపోతే వ్రాతమూలకంగా అడగండి. గ్రంథాలయంలో ఇందుకొక కంప్యూటరును కేటాయించవలసినదిగా కళాశాల కమిటీ వారిని వినయపూర్వకంగా కోరుతున్నాము. మానినవారి గడి కావాలని మన పిల్లలు అడిగిననాడు, ఆ గడి నిండిననాడు, దేశం ఒక అడుగు ముందుకు వేసినట్లు మేము లెక్కిస్తాము.