గొర్రెల కాపరి, పాట, పుస్తకము



మన అనంతపురము మెట్టసీమలో వాన తప్పినయెడల వేరుసెనగ పోవును. పంట పోయిన యింట బిడ్డ చదువును పోవును. పుస్తకముల సంచి కొయ్యకు తగిలించి, ఆ బాలుడు గొర్రెల వెంట వెళ్లును. "కాపరికి చదువెందుకు?" అని పెద్దలందురు.

అట్లనువారు అందెశ్రీ గారిని తలచుకొనవలెను. ఆయన 1961లో తెలంగాణమందలి రేబర్తి గ్రామమున జన్మించిరి. బడిచదువు లేదు. గొర్రెలు కాచిరి, తాపీపని చేసిరి. అయినను నోట పాట విడువలేదు. కాకతీయ విశ్వవిద్యాలయము ఆయనకు గౌరవ డాక్టరేటు నిచ్చెను. ఆయన గీతము 2024లో తెలంగాణ రాష్ట్రగీత మాయెను. 2025 నవంబరు 10న ఆయన కన్నుమూసిరి. బడి యెరుగని ఆయన పాటను నేడు బడిపిల్లలు పాడుచున్నారు.

ఆయన కథ విన్నది మొదలు, చదువునకు పాటయే వాకిలి యని నాకు తోచుచున్నది. మా గ్రామమున మందలు దొడ్డి చేరిన పిమ్మట కాపరి పిల్లలు కొందరు నాయొద్దకు వత్తురు. వారికి కంఠస్థమైన కీర్తననే పుస్తకములో తెరచి, పాడుచు ప్రతి మాటమీదను వ్రేలు పెట్టుమందును. నోటికి తెలిసిన మాటను కన్ను పోల్చుకొనును. అదే మాట వేరొక పుటలో కనబడగానే వారి ముఖములు వికసించును. "అయ్యగారూ, రేపు కథల పుస్తకం తెస్తారా?" అని అడుగుదురు.

వాన మన చేతిలో లేదు. సాయంకాలమున ఒక గంట మన చేతిలో నున్నది. చదువ నేర్చినవారలారా, ఆ గంటను కాపరి బిడ్డ కియ్యుడి.