ముడుచుకున్న పగడం

పెంపుడు కుక్కకు జబ్బు చేస్తే మూలుగుతుంది. పిల్లయితే తిండి ముట్టదు. పగడం మాత్రం ముడుచుకుంటుంది, అంతే. చిక్కేమిటంటే, అది జబ్బు చేసినా ముడుచుకుంటుంది, చేయకపోయినా ముడుచుకుంటుంది. ఆ తేడా పోల్చుకోవడంలోనే ఇంట్లో సముద్రాన్ని పెంచేవాళ్ల కష్టమంతా ఉంది.

2024 నవంబర్‌లో అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తల కోసం వెళ్లినప్పుడు హ్యూస్టన్‌లో అక్కావాళ్లింట్లో పది రోజులున్నాను. హాల్లో బావ ఆరేళ్లుగా పెంచుతున్న 300 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో పుట్టగొడుగు ఆకారపు లెదర్ కోరల్, చిన్న నక్షత్రాల్లాంటి స్టార్ పాలిప్స్, గుండీల్లా కనిపించే జోయాంథిడ్లు ఉన్నాయి. దిబ్బలు కట్టే రాతి పగడాల్లాంటివి కావివి. వీటిని ఆ రంగంలో మెత్తని పగడాల కిందే లెక్కేస్తారు. మూడు వారాలుగా అన్నీ ముడుచుకుని ఉన్నాయి.

బావ ఉద్యోగం పోయి అప్పటికి నాలుగు నెలలు. వంటింట్లో అక్క గొంతు తగ్గించి చెప్పింది: ‘‘ఆయన పొద్దున్నే లేవడానికి ఇప్పుడా తొట్టి ఒక్కటే కారణంరా. అదీ పోతే ఏమైపోతారో.’’

బావ అప్పటికే అయోడిన్ సీసా, మరో రెండు మందులు కొనిపెట్టుకున్నారు. ‘‘మూడూ పోసేస్తే పోలా?’’ అన్నారు. ‘‘పోయడం తేలికే బావా. ఏది బతికించిందో, ఏది చంపిందో తర్వాత ఎలా తెలుస్తుంది?’’ అన్నాను. ఒక్కొక్కటే చూసుకుంటూ వెళ్లాలని ఇద్దరం ఒప్పందానికి వచ్చాం.

లెదర్ కోరల్ అప్పుడప్పుడు ముడుచుకుని, ఒంటి మీద మైనం లాంటి పొర కట్టించుకుని, దాన్ని కుబుసంలా విడిచేస్తుంది. దానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. నీటి ప్రవాహం బాగుంటే చాలు, వైద్యం అక్కర్లేదు. కానీ ఇక్కడ ముడుచుకున్నది అదొక్కటే కాదు. ఒక పగడం బాధపడితే పగడాన్ని చూడాలి. అన్నీ బాధపడితే నీళ్లను చూడాలి.

లెదర్ కోరల్ పొరుగు పగడాల మీదికి రసాయనాలు వదులుతుంది. వాటిని పీల్చేసే యాక్టివేటెడ్ కార్బన్ కొత్తదే. కుళాయి నీటిలోని రాగి కూడా ఈ జీవులకు విషమే. బావ వాడే ఆర్వో నీటిలో కరిగిన పదార్థాలు సున్నా. ఉష్ణోగ్రత 25.5 డిగ్రీలు. నైట్రేట్ 10 పాళ్లు, మెత్తని పగడాలకు అది ఇబ్బందేమీ కాదు. రంగు వెలిసిపోలేదు కాబట్టి వాటి ఒంట్లో ఉండి కాంతితో ఆహారం తయారుచేసిపెట్టే సూక్ష్మ శైవలాలూ క్షేమమే. ఉప్పు వెయ్యికి 35 పాళ్లు, అచ్చం సముద్రంలో ఉన్నట్టే. కాగితం మీద అంతా భేషుగ్గా ఉంది.

కాగితం మీద భేషుగ్గా ఉన్నవాటిని అనుమానించడం విలేకరికి అలవాటే. అదే ఏడాది జూన్‌లో మన ఎగ్జిట్ పోల్స్ చాలావరకు ఎన్‌డీఏకి 350కి పైగా సీట్లిస్తే, వచ్చినవి 293. ‘‘ఈ రిఫ్రాక్టోమీటర్‌ని ఎప్పుడు సరిచూశారు?’’ అని అడిగాను. ‘‘కొన్నప్పుడు’’ అన్నారు బావ. సరిచూసే ద్రావణం సీసా తెప్పించాం. 35 చూపాల్సిన దానికి ఆ పరికరం 31 చూపింది. అంటే తొట్టిలో అసలు ఉప్పు 39.

తప్పు దొరికాక తొందరపడితే మరో ముప్పు. ఉప్పు ఒక్కసారిగా పడిపోతే పగడాల కణాల్లోకి నీరు చొరబడి దెబ్బతింటాయి. అందుకే రోజూ కొంత ఉప్పునీరు తీసి, ఆర్వో నీరు పోస్తూ, రోజుకు అర పాయి చొప్పున ఎనిమిది రోజుల్లో 35కి దించాం. నేను బయల్దేరేనాటికి స్టార్ పాలిప్స్ విచ్చుకున్నాయి. లెదర్ కోరల్‌కు మరో రెండు వారాలు పట్టింది. ఒక జోయాంథిడ్ల గుత్తి బతకలేదు. బావ దాన్ని గ్లవ్స్ వేసుకుని తీశారు. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. అవి అంటుకున్న రాళ్లను శుభ్రం చేద్దామని మరగబెట్టి, ఆ ఆవిరి పీల్చి ఆస్పత్రి పాలైనవాళ్లున్నారు.

మన దేశంలో రాతి పగడాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చారు. మన సముద్రం నుంచి వాటిని తెచ్చి ఇంట్లో పెట్టుకోవడం నేరం. చట్టం మనిషి చేతిని ఆపగలిగింది కానీ వేడిని ఆపలేదు. 2023 అక్టోబర్ నుంచి సాగిన సముద్రపు వడగాడ్పులకు లక్షద్వీప్‌లో రాతి పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024 మేలో చెప్పింది. ప్రపంచవ్యాప్తంగా ఇలా తెల్లబారడం ఇది నాలుగోసారి అని అంతకు నెల ముందే అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు.

హ్యూస్టన్ తొట్టిలో కొలత తప్పింది, అందుకే మూడు వారాలు వృథా అయ్యాయి. లక్షద్వీప్‌లో ఏ కొలతా తప్పలేదు. వేడి ఎంతో తెలుసు, ఎందుకో కూడా తెలుసు.