తాళం మన ఇంటిది, చెవి షాపులో



ఈ వారం సాహిత్యం పక్కన పెట్టి కంప్యూటర్ గురించి రాస్తున్నాను. తెలుగు పంతులమ్మకి ఇదెందుకు అని నవ్వేవాళ్ళు నవ్వండి. ఈ మధ్య ముగ్గురు విద్యార్థులు వేరువేరుగా ఒకే ప్రశ్న అడిగారు: "మేడం, ఇంట్లో కంప్యూటర్ అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతోంది, అది మాకు తెలీదు, ఏం చెయ్యాలి?" ముగ్గురివీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవే. మా అక్క ఇంట్లోనూ ఇదే జరిగింది. దాన్ని దగ్గరుండి బాగుచేసుకున్నాం కాబట్టి వివరంగా చెప్తాను.

మా అక్క కూతురు డిగ్రీ ఫైనల్ ఇయర్. రెండేళ్ళ కిందట అక్క డ్వాక్రా లోన్‌లో మిగిలిన డబ్బుతో టౌన్‌లో ఒక షాపులో 13 వేలకి పాత డెస్క్‌టాప్ కొనిచ్చింది. షాపతను విండోస్ వేసి, తన షాపు పేరుతో ఒక అకౌంటు, పిల్ల పేరుతో ఇంకో అకౌంటు పెట్టి ఇచ్చాడు. పిల్ల తన అకౌంటులో టైపు చేసుకుంటుంది, క్లాసులు వింటుంది. కొత్తది ఏదైనా ఇన్‌స్టాల్ చెయ్యబోతే మాత్రం తెర మసకబారి, షాపు పేరు చూపించి పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు సీపీయూని దుప్పట్లో చుట్టి బండి మీద టౌన్‌కి తీసుకెళ్ళాలి. ప్రింటర్ కొన్నప్పుడు 300 ఇచ్చారు. అను ఫాంట్లు వేయించినప్పుడు ఇంకో 300. ఈ ఏడాది ఇంకో సాఫ్ట్‌వేర్ కావాల్సొచ్చేసరికి షాపు ఎత్తేశారు.

అతను ఫోన్‌లో దొరికాడు. పాస్‌వర్డ్ గుర్తులేదన్నాడు. "తీసుకురండి మేడం, ఫార్మాట్ కొట్టేస్తాను, 800 అవుద్ది" అన్నాడు. మరి అందులో ఉన్నవి? "అవి పోతాయి." అసలు మొదట్లోనే మాకు ఎందుకివ్వలేదని అడిగాను. "మీవాళ్ళకిస్తే పాడుచేసుకుంటారు మేడం, మళ్ళీ నా దగ్గరికే తెస్తారు" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. ఆ "మీవాళ్ళు" అనే మాట ఎంత మర్యాదగా పలకొచ్చో మనకి తెలియనిది కాదు.

పోతాయన్నవి ఏంటో చెప్పాలి. నా పీహెచ్‌డీ రోజుల్లో మా అమ్మ, ఆమె ముఠాలోని ఆడవాళ్ళు పాడిన ఊడ్పుల పాటలు రికార్డు చేశాను. ఆడియో నా దగ్గర భద్రంగా ఉంది. కానీ మా పల్లె బయట ఎవరికీ తెలియని మాటలు వాటిలో చాలా ఉన్నాయి. పిల్ల సెలవుల్లో వాళ్ళ పక్కన కూర్చుని, ఒక్కో మాట ఏ పనప్పుడు పుట్టిందో అడిగి, అన్నీ ఆ కంప్యూటర్‌లోనే టైపు చేసింది. ఆ ముఠాలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ళని మళ్ళీ అడగలేం. 800 రూపాయల ఫార్మాట్ అంటే మాకు అదీ.

మీరు కూడా ముందు చూసుకోవాల్సింది ఏ తలుపుకి తాళం పడింది అన్నదే. విండోస్‌లో అకౌంట్లు రెండు రకాలు: అడ్మినిస్ట్రేటర్, స్టాండర్డ్ యూజర్. స్టాండర్డ్ యూజర్ తన ఫైళ్ళు తెరవొచ్చు, మార్చొచ్చు, పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవచ్చు. మెషీన్‌ని మార్చే పనులు, అంటే చాలా సాఫ్ట్‌వేర్లు వెయ్యడం, డ్రైవర్లు వెయ్యడం, ఇతరుల అకౌంట్లు ముట్టుకోవడం మాత్రం కుదరవు. అంటే పిల్ల రాసుకున్నదానికి అసలు తాళమే లేదు. షాపతను "పోతాయి" అన్నది తన పద్ధతిలో చేస్తే పోతాయని. ఆ తేడా తెలియగానే సగం భయం పోయింది.

ఆ రాత్రే కాపీలు తీశాం. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మొత్తం రెండు పెన్‌డ్రైవ్‌లలోకి. తెలుగువాళ్ళకి ఇక్కడ ఇంకో పని ఉంది. అను ఫాంట్లలో టైపు చేసింది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన కుప్పలాగా కనిపిస్తుంది. ఫైలు ఉండి కూడా లేనట్టే. అందుకని ప్రతి ఫైలునీ పీడీఎఫ్‌గా కూడా దాచాం. థీసిస్ అనులో చేస్తున్నవాళ్ళందరూ ఈ ఒక్క పని ఇవాళే చెయ్యండి.

తర్వాత దారులు ఒక్కొక్కటీ చూశాం. అడ్మినిస్ట్రేటర్ అకౌంటు మైక్రోసాఫ్ట్ మెయిల్‌తో చేసిందైతే, ఆ మెయిల్‌కో ఫోన్‌కో వచ్చే కోడ్‌తో పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. ఆ కంప్యూటర్‌కే పరిమితమైన లోకల్ అకౌంటైతే, లాగిన్ దగ్గర ఒకసారి తప్పు పాస్‌వర్డ్ కొడితే కింద రీసెట్ అని కనిపించొచ్చు. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి లోకల్ అకౌంట్లకి మూడు రహస్య ప్రశ్నలు పెట్టారు. జవాబులు తెలిస్తే పని అయిపోతుంది. మా షాపతని చిన్నప్పటి ముద్దుపేరు మాకేం తెలుసు? ఆ దారి మూసుకుంది.

యూట్యూబ్‌లో పాస్‌వర్డ్ పగలగొట్టే సాఫ్ట్‌వేర్లు బోలెడు చూపిస్తారు. వాటి జోలికి పోలేదు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి దింపుకున్న ఆ ఫైళ్ళలో ఏ వైరస్ ఉందో తెలీదు. పైగా పాస్‌వర్డ్‌ని బయటనుంచి బలవంతంగా మారిస్తే ఆ అకౌంటులో విండోస్ పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకున్న ఫైళ్ళు తెరుచుకోకుండా పోవచ్చు.

మాకు మిగిలింది విండోస్ మళ్ళీ వేసుకోవడం. షాపతను చెయ్యబోయిందీ అదే. కాకపోతే ఇప్పుడు కాపీలు మా దగ్గరున్నాయి, కీబోర్డ్ ముందు కూర్చునేది మా పిల్ల. నా లాప్‌టాప్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ తీసుకుని 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ పెట్టాం. కంప్యూటర్ ఆన్ చేస్తూ డెల్‌కి, లెనోవోకి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9 నొక్కితే దేనినుంచి మొదలవ్వాలో అడుగుతుంది. అంతకుముందు అసలైన విండోస్ యాక్టివేట్ అయి ఉన్న మెషీనైతే, అదే ఎడిషన్ వేసి నెట్‌కి కలిపాక మళ్ళీ యాక్టివేట్ అవుతుంది. మాది అయింది.

ఇన్‌స్టాల్ అవుతుండగా పిల్ల ఒక్కసారి ఆగింది. "పిన్నీ, ఇక్కడ పేరు అడుగుతోంది. నాదే కొట్టనా?" అంది. కొట్టమన్నాను. విండోస్ వేసేటప్పుడు మొట్టమొదట తయారయ్యే అకౌంటే అడ్మినిస్ట్రేటర్ అవుతుంది. రెండేళ్ళ కిందట ఆ కుర్చీలో ముందు కూర్చున్నది షాపతను, అంతే. పెత్తనానికి ఇంకే అర్హతా అక్కర్లేకపోయింది.

అసలు లాగినే కాలేనివాళ్ళ సంగతి. ఇంకో కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ మీద ఉబుంటు లినక్స్ పెట్టి, దానినుంచి మీ కంప్యూటర్ ఆన్ చేసి, "ట్రై ఉబుంటు" ఎంచుకుంటే, ఏదీ చెరపకుండా హార్డ్‌డిస్క్‌లో ఫైళ్ళు కనిపిస్తాయి. కాపీ తీసుకోండి. కొత్త విండోస్ 11 మెషీన్లలో డిస్క్ చాలావరకు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా ఏ మైక్రోసాఫ్ట్ అకౌంటుతో సెట్ చేశారో అందులో దొరుకుతుంది. అందుకే కొన్నరోజునే ఆ మెయిల్ మీదా, షాపువాళ్ళదా చూసుకోండి. ఇదంతా మీ సొంత కంప్యూటర్ గురించే. కాలేజీ ల్యాబులోదాని మీద ప్రయోగాలు చెయ్యొద్దు.

ఇప్పుడు మీలో కొందరికి నచ్చకపోవచ్చు గానీ ఒక మాట. అడ్మినిస్ట్రేటర్ చేతికొచ్చిన మర్నాడు మా పిల్లతో తనకే ఇంకో స్టాండర్డ్ అకౌంటు చేయించాను. "ఇంత కష్టపడింది మళ్ళీ పాత చోటే కూర్చోడానికా పిన్నీ?" అని అలిగింది. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు, ఏ ప్రోగ్రామైనా ఏ యూజరైనా తన పనికి కావల్సినంత అధికారంతోనే నడవాలని రాశారు. ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్ళలో అందరూ అడ్మినిస్ట్రేటర్‌గానే కూర్చునేవాళ్ళు. ఏ వైరస్ వచ్చినా దానికీ అదే అధికారం దక్కేది. 2007లో విస్టాతో ఆ మసకబారే తెర వచ్చింది అందుకే. రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంటే క్షేమం.

మరి షాపతను చేసిందీ అదేగా అంటారా? తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. అప్పుడు గీత అతను గీశాడు, దాటాలంటే అతని గుమ్మం దగ్గర నిలబడాలి, 300 ఇవ్వాలి, "మీవాళ్ళు" వినాలి. ఇప్పుడు గీత ఆ పిల్ల గీసుకుంది. తెర మసకబారి పాస్‌వర్డ్ అడిగితే, ఏం ఇన్‌స్టాల్ అవుతోందో ఒకసారి చదివి, కావాలనుకుంటే తనే కొడుతుంది, వద్దనుకుంటే మూసేస్తుంది. మనల్ని కాపాడతామంటూ చెవి తమ దగ్గరే ఉంచుకునేవాళ్ళు కంప్యూటర్ షాపుల్లోనే ఉండరు. అలాంటివాళ్ళు ఎదురైనప్పుడు జాగ్రత్త మంచిదా కాదా అని వాదించకండి, జాగ్రత్త మంచిదే. చెవి ఇవ్వమని అడగండి.

పాటల ఫైళ్ళన్నీ ఇప్పుడు యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. కన్వర్టర్ కొన్ని వత్తులు తప్పు పెడుతుంది కాబట్టి ఆడియో వింటూ మాటకి మాట సరిచూస్తోంది పిల్ల. సగం అయింది.

మీరు ఇవాళ సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి, "యువర్ ఇన్ఫో"లో మీ పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అని ఉందో లేదో చూడండి. లేకపోతే ఎవరు అడ్మినో కనుక్కోండి. షాపు ఇంకా తెరిచే ఉంటే బిల్లు పట్టుకుని రేపే వెళ్ళి, మీ కళ్ళముందే మీ అకౌంటుని అడ్మినిస్ట్రేటర్‌గా మార్పించుకోండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సర్టిఫికెట్ల ఫైలులో పెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే కామెంట్లో అడగండి, తెలిసినంత చెప్తాను.

జై భీమ్.